క్యాప్సూల్, గంజి, ఉప్పునీళ్ళు

2014 వసంతంలో జర్మనీలో ఒక పుస్తకం వెలువడింది. పేరు ‘డార్మ్ మిట్ షార్మ్’. ప్రేగుకూ సొగసుకూ జర్మన్‌లో ప్రాస కుదిరింది గనుక పుట్టిన పేరు. తెలుగులో ‘సొగసైన ప్రేగు’ అంటే వినేవారికి నవ్వు వస్తుంది. రచయిత్రి జూలియా ఎండర్స్ అప్పటికింకా వైద్య విద్యార్థిని. బొమ్మలు వేసినది ఆమె సోదరి జిల్. అంతకు రెండేళ్ళ ముందు ఫ్రైబుర్గ్ నగరంలో, శాస్త్ర విషయాలను పది నిమిషాలలో జనరంజకంగా చెప్పే ఒక పోటీలో ఆమె ప్రేగు గురించి మాట్లాడి మొదటి బహుమతి గెలుచుకున్నది. ఆ ప్రసంగం పెరిగి పుస్తకమైంది. మలవిసర్జన గురించి నలుగురిలో మాట్లాడటం మర్యాద కాదనుకునే సమాజంలో ఆ పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. నేను ఇప్పటికి మూడుసార్లు చదివాను. మా వార్డులో కొత్తగా చేరే యువ వైద్యులకు కూడా చదవమని చెబుతుంటాను. రోగితో మాట్లాడవలసిన భాష ఎలా ఉండాలో అందులో తెలుస్తుంది. అది వైద్య కళాశాలలో ఎవరూ నేర్పరు.

అయితే మంచి పుస్తకానికి కూడా రచయిత కోరని సంతానం కలుగుతుంది. ఆ తర్వాతి పదేళ్ళలో జర్మనీలోని మందుల దుకాణాలలో ‘ప్రేగు ఆరోగ్యం’ అన్న బోర్డు కింద ఒక అర మొలిచింది. తర్వాత రెండు, మూడు అయినాయి. మొదట వచ్చినవి బ్యాక్టీరియా పొడులు. వాటి వెనుక, ఆ బ్యాక్టీరియా తయారుచేసే పదార్థాలనే నేరుగా నింపిన క్యాప్సూల్స్ వచ్చాయి. 2020లో బోఖుమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులలో ప్రొపియొనేట్ ప్రభావం గురించి ‘సెల్’ పత్రికలో ప్రచురించిన తర్వాత ఈ సరుకుకు గిరాకీ మరింత పెరగడం నా కళ్ళతో చూశాను. నాడీవ్యాధి గురించిన ఆ పరిశోధన వేరు, అజీర్తికి క్యాప్సూల్ మింగడం వేరు. కాని దుకాణపు అరకు అటువంటి తేడాలు పట్టవు.

ఇన్నాళ్ళ తర్వాత ఆ పుస్తకాన్ని నేను మళ్ళీ తీయడానికి కారణం ఒక సంచి.

కిందటి జూన్‌లో ఒక యువ దంపతులు మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ మన వైపువారే, విజయవాడకు దగ్గరి పల్లె. పెద్దపిల్లకు ఏడేళ్ళు, పిల్లవాడికి రెండు నిండాయి. ఇద్దరూ ఇక్కడే పుట్టారు. ఆరు వారాలు అమ్మమ్మగారింట్లో గడపడానికి బయలుదేరుతున్నారు. ఆవిడ ఒక గుడ్డసంచి తెచ్చి బల్ల మీద కుమ్మరించింది. “డాక్టరు గారూ, ఏమైనా మరిచిపోయామేమో ఒక్కసారి చూడండి” అన్నది. చూశాను. బ్యుటిరేట్ క్యాప్సూల్స్, ఈస్ట్ క్యాప్సూల్స్, బొగ్గు మాత్రలు, బ్యాక్టీరియా పొడి, ఆపిల్ పెక్టిన్ కలిపిన పానకం. అన్నీ కలిపి నూట డెబ్భై యూరోల పైమాటే.

“ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఏవమ్మా?” అని అడిగాను.

“అవి అక్కడ ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతాయి కదండీ” అన్నాడు భర్త.

“పిల్లవాడు ఈ క్యాప్సూల్ మింగుతాడా?”

“విప్పి పెరుగులో కలిపి పెట్టమన్నారండీ.”

ఆ సంచిని నేను తప్పుపట్టలేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాను. పుట్టిన ఊరి నీళ్ళంటే భయం ఎప్పుడు మొదలైందో నాకూ గుర్తు లేదు. ఊరు వెళ్ళిన రెండో రోజునుంచి మనం గ్లాసు నోటి దగ్గర పెట్టుకునే తీరును అక్కడివారు గమనిస్తారు, ఏమీ అనరు. ఆ భయానికి ఒక సంచి నిండా మందులు కొనుక్కుంటే కొంత ఊరట. కాని ఆ సంచిలో దేనిని నమ్ముతున్నామో, అది ఎంతవరకు నమ్మదగినదో తెలుసుకోవడం అవసరం. బ్యుటిరేట్ విషయంలో అసలు కథ దుకాణంలో చెప్పే కథకంటె చాలా గొప్పది. అందులో సగం మన ఇంటి పక్కనే జరిగింది కూడా.

బ్యుటిరేట్, ప్రొపియొనేట్, ఎసిటేట్ అనే మూడింటిని కలిపి పొట్టిగొలుసు కొవ్వు ఆమ్లాలు అంటారు. మనం తిన్న పిండిపదార్థంలో కొంత భాగం చిన్నప్రేగులో అరగకుండా పెద్దప్రేగుకు చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దానిని పులియబెట్టగా వచ్చేవి ఇవి. ఎసిటేట్ అంటే సిర్కాలో ఉన్నదే. బ్యుటిరేట్‌కు పేరు వెన్న నుంచి వచ్చింది. జర్మన్‌లో దాని ఆమ్లాన్ని ఇప్పటికీ ‘వెన్న ఆమ్లం’ అనే అర్థం వచ్చే మాటతోనే పిలుస్తారు. తాజా వెన్న అనుకునేరు! నిలవుండి చెడిన వెన్న కంపు దానిది. పెద్దప్రేగు లోపలి పొరలోని కణాలు తమకు కావలసిన శక్తిలో సగానికి పైగా ఈ బ్యుటిరేట్ నుంచే పొందుతాయని 1980ల మొదట్లో రోడిగర్ అనే శస్త్రవైద్యుడు చూపించాడు. శరీరంలో తక్కిన కణాలు రక్తం తెచ్చిపెట్టిన భోజనం తింటాయి. ఇవి మాత్రం ఎదురుగా ఉన్న పెరటిలో పండినది తింటాయి.

విరేచనాలకూ దీనికీ సంబంధం ఏమిటి? ప్రయాణికులకు పట్టుకునే నీళ్ళ విరేచనాలలో ఎక్కువ భాగం ఒక రకం ఇ. కోలై బ్యాక్టీరియా వల్ల వస్తాయి. అది స్రవించే విషం చిన్నప్రేగు గోడను ఆక్రమించి ఉప్పునూ నీటినీ బయటికి తోడిపోస్తుంది. కలరా విషం చేసేదీ దాదాపు అదే, మరింత క్రూరంగా. అయితే చిన్నప్రేగు గోడలో ఒక ద్వారం ఉన్నది: చక్కెర, సోడియం జంటగా లోపలికి వెళ్ళే దారి. 1960లో ప్రాగ్ నగరంలో జరిగిన ఒక శాస్త్రసభలో రాబర్ట్ క్రేన్ ఈ సంగతి ప్రతిపాదించాడు. విషం పనిచేస్తున్నప్పుడు కూడా ఆ ద్వారం మూతపడదు. ఓ.ఆర్.ఎస్. అనే ఉప్పు-చక్కెర నీళ్ళ మహిమంతా ఆ ఒక్క ద్వారంలో ఉన్నది.

రెండవ ద్వారం పెద్దప్రేగులో ఉన్నది. మామూలుగా రోజూ లీటరున్నర, రెండు లీటర్ల నీరు చిన్నప్రేగు నుంచి పెద్దప్రేగుకు వస్తుంది. అందులో బయటికి పోయేది నూరు, రెండువందల మిల్లీలీటర్లే. అవసరం పడితే పెద్దప్రేగు నాలుగైదు లీటర్ల దాకా పీల్చుకోగలదు. వచ్చే వరద ఆ హద్దు దాటినప్పుడో, పీల్చుకునే శక్తి తగ్గినప్పుడో విరేచనం అవుతుంది. పొట్టిగొలుసు కొవ్వు ఆమ్లాలు పెద్దప్రేగు గోడలోకి వెళుతూ వెళుతూ సోడియాన్ని, దాని వెంట నీటిని లాక్కుపోతాయి. ఈ దారిని కూడా విషం మూయలేదు. ఓ.ఆర్.ఎస్. నీళ్ళు నష్టపోయినదాన్ని నింపుతాయి గాని విరేచనాన్ని పెద్దగా తగ్గించవు. అందుకే తల్లులకు వాటిమీద నమ్మకం కుదరదు. రెండవ ద్వారం కూడా తెరిస్తే విరేచనమే తగ్గాలి కదా అన్న ప్రశ్న సహజంగా పుడుతుంది.

ఆ ప్రశ్న వేసుకున్నవారు మన రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఉన్నారు. చిత్తూరు జిల్లావారికి పెద్దజబ్బు అంటే వేలూరే గదా! ఆ ఆసుపత్రి వరండాలలో తమిళంతో సమానంగా తెలుగు వినబడుతుంది. 1993లో బి.ఎస్. రామకృష్ణ, వి.ఐ. మథన్ ‘గట్’ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. తీవ్రమైన నీళ్ళ విరేచనాలతో వచ్చిన రోగుల మలంలో ఈ ఆమ్లాలు బాగా తగ్గిపోయి ఉంటాయనీ, వాటిని పెద్దప్రేగు లోపలికి తిరిగి అందిస్తే గోడ మళ్ళీ నీటిని పీల్చుకుంటుందనీ వారు చూపించారు. ఆ తర్వాత వేసిన అడుగు నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చట గొలుపుతుంది. ఆమ్లాన్ని నోటితో ఇవ్వడం కష్టం, పైనే ఇంకిపోతుంది. కాబట్టి ఆమ్లాన్ని ఇవ్వకుండా, అది తయారయ్యే ముడిసరుకును ఇచ్చారు. చిన్నప్రేగులో అరగని ఒక రకం మొక్కజొన్న పిండిని లీటరు ఓ.ఆర్.ఎస్. నీళ్ళలో 50 గ్రాములు కలిపారు. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ బైండర్ ఇందులో భాగస్వామి.

2000లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఆ ఫలితాలు వచ్చాయి. 48 మంది కలరా రోగులు, మూడు జట్లు, జట్టుకు పదహారుగురు. మామూలు ఓ.ఆర్.ఎస్. తాగినవారికి విరేచనాలు సగటున 91 గంటలు సాగాయి. బియ్యప్పిండి కలిపి ఇచ్చినవారికి 71 గంటలు. అరగని మొక్కజొన్న పిండి కలిపినవారికి 57 గంటలు. తర్వాతి సంవత్సరాలలో పిల్లలలోనూ మేలు కనిపించింది. నలభై ఎనిమిదిమంది చిన్న సంఖ్యే, కాదనను. కాని ఇంత సూటిగా నడిచిన ఆలోచన వైద్యంలో అరుదు: లోపం ఏమిటో చూశారు, ఆ లోపాన్ని పూరించే మార్గం శరీరంలోనే వెతికారు, వంటింటి సరుకు వంటిదానితో పూరించారు.

వేలూరు గురించి చెబుతూ యల్లాప్రగడ సుబ్బారావును తలవకుండా ఉండలేను. కొంచెం పక్కదారి, మన్నించండి. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే దీర్ఘ అతిసారంతో కొద్ది రోజుల తేడాలో మరణించారు. ఆయనకూ అదే జబ్బు సోకితే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. 1923లో ఉష్ణమండల వైద్యం చదవడానికి హార్వర్డ్ వెళ్ళారు. 1945 నాటికి లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, అది స్ప్రూ రోగులకు మందైంది. 1960లలో వేలూరు చుట్టుపక్కల పల్లెలలో స్ప్రూ మహమ్మారిలా వ్యాపించినప్పుడు ఇంటింటికీ తిరిగి అధ్యయనం చేసినది ఈ వేలూరు బృందానికి పూర్వీకులే. ప్రేగు జబ్బు మన ప్రాంతపు కుటుంబాలలో ఎంత మృత్యువును మోసుకొచ్చిందో, ఆ దుఃఖం నుంచి ఎంత విజ్ఞానం పుట్టిందో చూస్తే, దానిని సంచిలోని ఒక అలంకార వస్తువుగా మార్చుకోవడం నాకు కొంచెం కష్టంగా ఉంటుంది.

ఇక క్యాప్సూల్ సంగతి. దానికి ఆధారమే లేదని చెబితే అసత్యమవుతుంది. 2014లో పోలండ్ వైద్యులు, సోడియం బ్యుటిరేట్‌తో పాటు ఇతర పొట్టిగొలుసు ఆమ్లాలు కలిపిన మందును ఉష్ణదేశాలకు వెళ్ళే ప్రయాణికులకు ఇచ్చి చూశారు. చివరిదాకా నిలిచినవారు 42 మంది. మందు తీసుకున్న 22 మందిలో ఒక్కరికి, ఉత్త మాత్ర తీసుకున్న 20 మందిలో ఎనిమిదిమందికి విరేచనాలు వచ్చాయి. శాతాలలో చెబితే 4.5, 40. ఎంత అందమైన అంకెలు! అందుకే నాకు అనుమానం. ఇంత చిన్న జట్లలో ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయితే కథ మారిపోతుంది. అంతకంటె ముఖ్యమైన సంగతి ఒకటుంది: అది రాకుండా కాపాడటం గురించిన ప్రయోగం, వచ్చినదానికి చికిత్స గురించినది కాదు. దుకాణంలో అమ్మేటప్పుడు ఈ గీత చెరిగిపోతుంది. “విరేచనాలకు మంచిది” అన్న మాటలో ముందూ వెనుకా కలిసిపోతాయి. విరేచనాలు పట్టుకున్న పిల్లవాడికి బ్యుటిరేట్ క్యాప్సూల్ ఇచ్చి ఉప్పునీళ్ళు మానేయవచ్చునని ఏ ప్రయోగమూ చెప్పలేదు.

లెక్క కూడా వేసి చూద్దాం. ఆరోగ్యవంతుడి పెద్దప్రేగులో రోజుకు కొన్ని వందల మిల్లీమోల్‌ల పొట్టిగొలుసు ఆమ్లాలు తయారవుతాయి. అందులో బ్యుటిరేట్ దాదాపు ఐదో వంతు. ఆరువందల మిల్లీగ్రాముల సోడియం బ్యుటిరేట్ అంటే ఐదున్నర మిల్లీమోల్‌లు. ఏటిలో చెంబెడు నీళ్ళు పోసినట్టు. పైగా పూత లేకుండా మింగితే అది పెద్దప్రేగు మొహం చూడకముందే ఇంకిపోతుంది. పూత పూసి పంపే పద్ధతులు ఉన్నాయి. పోలండ్‌వారు వాడినదీ అటువంటిదే. కాని ఆ పూతను చిదిమి పెరుగులో కలిపితే అన్ని జాగ్రత్తలూ వృథా. ఆ పెరుగును రెండేళ్ళ పిల్లవాడు తింటాడా అన్నది మరో ప్రశ్న. నేనైతే తినను.

జర్మనీలో ఇవి మందులు కావు, ఆహార అనుబంధాలు. మందు అయితే పనిచేస్తుందని నిరూపించాలి. ఆహార అనుబంధమైతే వినియోగదారుల రక్షణ, ఆహార భద్రత చూసే సమాఖ్య కార్యాలయానికి తెలియజేసి అమ్ముకోవచ్చు. పనిచేస్తుందో లేదో ఆ కార్యాలయం పరీక్షించదు. కొనేవారిలో ఎక్కువమందికి ఈ సంగతి తెలియదు. తెల్లకోటు వేసుకున్న వ్యక్తి చేతినుంచి, ఎర్రని అక్షరపు గుర్తు ఉన్న దుకాణంలో తీసుకున్నది మందే అనుకుంటారు. ఇక్కడి ఈ అలసత్వాన్ని మనదేశంతో పోల్చి పెదవి విరిచేవారికి ఒక మాట. హైదరాబాదులో శివరంజని సంతోష్ అనే శిశువైద్యురాలు దాదాపు ఎనిమిదేళ్ళు ఒంటరి పోరాటం చేశారు. పండ్లరసం రుచితో, ఓ.ఆర్.ఎస్. కంటె ఎన్నో రెట్ల చక్కెరతో ఉన్న పానీయాలను ఓ.ఆర్.ఎస్. అన్న మూడక్షరాలతో అమ్మకూడదన్నది ఆమె వాదం. విరేచనాల పిల్లవాడికి ఎక్కువ చక్కెర పడితే ప్రేగులోకి నీరు ఇంకా ఊరుతుంది, జబ్బు ముదురుతుంది. 2022లో ఆమె తెలంగాణ హైకోర్టుకు వెళ్ళారు. చివరికి 2025 అక్టోబరులో భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరును అటువంటి పానీయాలపై వాడటాన్ని నిషేధించింది. “అక్కడ దొరుకుతాయి కదండీ” అన్న ఆ తండ్రికి నేను ఈ కథ చెప్పాను. దొరికేది ఏమిటో చదివి చూసుకోవాలి మరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో నిర్ణయించిన పాళ్ళు ఇవి: లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. పొట్లం మీద ఈ నాలుగు అంకెలు ఉంటే చాలు, రంగు బొమ్మలు అక్కర్లేదు.

నా కోపానికి మూలం వేరే చోట ఉన్నది. దాచడం ఎందుకు? నాకంటె ముందు మా అమ్మకు ఒక ఆడపిల్ల పుట్టింది. 1967 ఎండాకాలంలో, పద్నాలుగో నెలలో, రెండు రోజుల విరేచనాలతో పోయింది. పోసినకొద్దీ పోతాయని నీళ్ళు పట్టనివ్వలేదు. లంఖణం పరమౌషధం అన్న సామెతకు ఎంత మంది పిల్లలు బలి అయ్యారో! అమ్మ ఆ సంగతి నాతో జీవితంలో రెండుసార్లే మాట్లాడింది. రెండవసారి నేను ఎం.బి.బి.ఎస్. చదువుతూ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు, ఏదో మాటల్లో లీటరు నీళ్ళలో ఉప్పూ చక్కెరా ఎంత కలపాలో గొప్పగా చెబుతుంటే, “నీళ్ళడిగిందిరా, గ్లాసు చూసి చేతులు చాచింది” అన్నది. అంతే. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

1967 నాటికి శాస్త్రం సిద్ధంగా ఉన్నది. ప్రాగ్ సభ జరిగి ఏడేళ్ళు. కలకత్తాలో హేమేంద్రనాథ్ ఛటర్జీ కలరా రోగులకు నోటిద్వారా ద్రవాలు ఇచ్చి ‘లాన్సెట్’లో రాసి పద్నాలుగేళ్ళు. మరి నాలుగేళ్ళకు, 1971లో, బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు నిండుకుంటే దిలీప్ మహలనబీస్ డ్రమ్ములలో ఉప్పు-చక్కెర నీళ్ళు కలిపించి రోగుల బంధువులచేతనే తాగించాడు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. మహలనబీస్ 2022లో కన్నుమూశారు. పద్మవిభూషణ్ ఆ మరుసటి సంవత్సరం వచ్చింది. నీళ్ళు ఇవ్వాలి అన్న ఒక్క మాట పల్లెకు చేరడానికి ఇంతకాలం పట్టింది. చేరిన మాట మళ్ళీ క్యాప్సూల్స్ కింద మరుగున పడుతుంటే చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు.

ఇంత చెప్పాక, మన పాత తిండిలోనే అంతా ఉన్నదని నేను పాట ఎత్తుకుంటానని కొందరు ఎదురుచూడవచ్చు. అన్నం వండి చల్లారబెడితే అరగని పిండి కొంత పెరిగే మాట నిజమే. చద్దన్నంలో, తరవాణి కుండలో బ్యాక్టీరియాకు మేత ఉన్నది. కాని ఆ పెరిగేది కొద్ది శాతమే; వేలూరువారు వాడిన పిండితో దానికి పోలిక లేదు. పైగా రాత్రంతా వేడిలో ఉంచిన అన్నంలో వాంతులు చేయించే సూక్ష్మజీవులు కూడా పెరుగుతాయి. విరేచనాలలో ఉన్న పిల్లవాడికి అది తగదు. మన ముత్తవ్వలకు బ్యుటిరేట్ తెలుసునని గర్వపడటం కంటె, వారికి గంజి తెలుసును, ఆ గంజిని ఉప్పు వేసి వేడివేడిగా ఇచ్చిన ఇళ్ళలో పిల్లలు బతికారు, ఇవ్వని ఇళ్ళలో పోయారు అని ఒప్పుకోవడం నిజాయితీ. మా ఇల్లు ఇవ్వని ఇల్లు.

అరటికాయకు మాత్రం నేను కొంచెం ఎక్కువ మార్కులు వేస్తాను. ఢాకాలో అతిసార పరిశోధన కేంద్రంలో జి.హెచ్. రబ్బానీ బృందం, రోజుల తరబడి విరేచనాలు ఆగని 62 మంది పసిపిల్లలకు అన్నపు జావలో ఉడికించిన పచ్చి అరటికాయను గాని, పెక్టిన్‌ను గాని కలిపి ఇచ్చింది. 2001లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం మూడవ రోజుకు అరటికాయ తిన్నవారిలో 59 శాతం, పెక్టిన్ తీసుకున్నవారిలో 55 శాతం, ఉత్త జావ తాగినవారిలో 15 శాతం కోలుకున్నారు. అరటికాయలోని పిండి, పెక్టిన్ రెండూ పెద్దప్రేగులో ఇవే ఆమ్లాలుగా మారతాయి.

జర్మన్‌లకూ వారి గంజి ఉన్నది. ఎర్న్‌స్ట్ మోరో అనే శిశువైద్యుడు 1908లో, విరేచనాలతో వచ్చే పసికందులకు క్యారెట్లను మెత్తగా ఉడికించి, చిదిమి, ఉప్పు వేసి, లీటరు నీళ్ళకు సరిచేసి తాగించే పద్ధతిని ప్రచురించాడు. పుట్టిన బిడ్డ ఉలిక్కిపడి చేతులు చాచే ప్రతిచర్యకు ఆయన పేరే ఉన్నది; వైద్యులందరికీ తెలిసిన పేరు. తర్వాత హైడెల్బర్గ్‌లో ఆచార్యుడయ్యాడు. భార్య యూదు కుటుంబీకురాలు కావడంతో నాజీల కాలంలో, 1936లో, పదవి విడిచిపెట్టవలసి వచ్చింది. ఆయన చారును ఇప్పటికీ ఇక్కడి అమ్మమ్మలు కాస్తారు. మా వార్డులో ఒక నర్సమ్మ వృద్ధరోగులకు దానిని సిఫారసు చేస్తుంటే వింటుంటాను. అదే ఊళ్ళో కుర్రకారు మాత్రం విరేచనాలకు కోలా, ఉప్పు పుల్లలు తింటారు. ఆ వైద్యం ఎవరు కనిపెట్టారో గాని, చక్కెర ఎక్కువ, పొటాషియం తక్కువ.

ఆ దంపతులకు చివరకు చెప్పినవి ఇవి. ఇక్కడినుంచే ఓ.ఆర్.ఎస్. పొట్లాలు పది పెట్టుకోండి. ప్రతి విరేచనం తర్వాత రెండేళ్ళ లోపువారికి 50 నుంచి 100, పెద్దపిల్లకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు, చెంచాతో కొంచెం కొంచెంగా. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ. తిండి మానవద్దు: జావ, పెరుగన్నం, అరటికాయ. పిల్లలకు అక్కడి వైద్యులు జింక్ ఇస్తే వద్దనవద్దు. అనుబంధాలలో నిరూపణ ఉన్నది దానికి. మలంలో రక్తం, ఎక్కువ జ్వరం, కళ్ళు లోతుకుపోవడం, ఆరుగంటలుగా మూత్రం లేకపోవడం, పిలిస్తే పలకకపోవడం — వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికే. రక్తవిరేచనాలలో, పిల్లలలో విరేచనం ఆపే మాత్రలు వేయకూడదు. 2011 వేసవిలో ఉత్తర జర్మనీలో మెంతి మొలకల వల్ల వ్యాపించిన ఇ. కోలై 3,800 మందికి పైగా సోకి 53 మందిని బలితీసుకున్నది. పేగు జబ్బు పేదదేశాల సొత్తు అనుకున్నవారందరం ఆ వేసవిలో ఆ మాట దిగమింగాం.

“మరి ఈ బ్యుటిరేట్ వేసుకోవద్దా?” అని ఆవిడ అడిగింది. పెద్దవాళ్ళు మీరు వేసుకుంటే హాని చేస్తుందని చెప్పలేను, మేలు చేయవచ్చునేమో కూడా, కాని పెట్టెలో ఖాళీ ఒక్కదానికే ఉంటే పొట్లాలు పెట్టండి అన్నాను. నాలుగైదువందలమందితో ఎవరైనా మరో ప్రయోగం చేసి పోలండ్ ఫలితాన్ని నిలబెడితే ఈ వ్యాసం నేనే దిద్దుకుంటాను. వేలూరు పిండినైనా ఎందుకు ఇన్నేళ్ళుగా ప్రతి ఓ.ఆర్.ఎస్. పొట్లంలోనూ కలపలేదన్న ప్రశ్న మాత్రం నన్ను వదలదు. చవక సరుకు మీద ఎవరికీ లాభం కనబడకపోవడమే కారణమని నా ఊహ.

ఆగస్టులో వారు తిరిగివచ్చారు. రెండవ వారంలో పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్నాయట. మూడు రోజులు. ఆరు పొట్లాలు అయ్యాయి. అమ్మమ్మ మొదట నీళ్ళు వద్దన్నదట; రెండో రోజునుంచి చెంచా ఆవిడే పట్టిందట. బ్యుటిరేట్ డబ్బా తెరవలేదు. “మీరైనా వాడుకోండి” అని నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. ఒక క్యాప్సూల్ విప్పి వాసన చూశాను. కిటికీ తెరవవలసి వచ్చింది.